సీమంతం ఫోటో

"ఇది మీరే కదండీ?"

అపూర్వ అనే ఆ అమ్మాయి ఫోన్ తిప్పి చూపించేసరికి నీరజ చేతిలో బూడిద రంగు మూత ట్యూబు ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకి చేసే షుగర్ పరీక్ష అది. పరగడుపున ఒకసారి రక్తం తీసి, తియ్యటి నీళ్ళు తాగించి, గంట గంటకీ మరో రెండుసార్లు తీయాలి. పెర్త్ శివారు కానింగ్ వేల్‌లోని ఆ బ్లడ్ కలెక్షన్ సెంటర్‌కి పొద్దున్నే వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళే ఎక్కువ. లేచి తిరగకూడదు కనుక అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. అపూర్వ కూడా అలాగే చూసుకుంటూ, రెండోసారి రక్తం ఇవ్వడానికి లోపలికి వచ్చింది.

నీరజ చూసింది. ఆకుపచ్చ పట్టుచీర, మోచేతుల దాకా గాజులు, బుగ్గల మీద గంధం. వెనక అరటాకులు, బంతిపూల దండలు. ఉయ్యాల కుర్చీలో తల వెనక్కి వాల్చి నవ్వుతున్నది తనే. సరిగ్గా కడుపు మీద ఎర్రటి పట్టీ వేసి అక్షరాలు: "మీ ఇంటి శుభకార్యం, మా అలంకారం. లీలా ఈవెంట్స్, పెర్త్." దాని కింద ఫోన్ నంబరు.

"పిడికిలి బిగించండి" అంది.

"ఎంత బావున్నారో అసలు. వచ్చే నెల నాకూ సీమంతం. లీలావతి ఆంటీని ఎగ్జాక్ట్‌గా ఇదే సెటప్ అడిగాం. మా ఆయనైతే, ఆవిడలాగే నవ్వాలి నువ్వు కూడా అంటున్నాడు." అపూర్వ నవ్వింది. "బాబా, పాపా అండీ?"

"చెయ్యి కదపకండి."

సూది మొదటిసారికే నరంలోకి వెళ్ళింది. రక్తం ట్యూబులోకి దిగింది. నీరజ సూది బయటికి తీసేసింది. ఆ తర్వాత గానీ గుర్తు రాలేదు, మోచేతి పైన బిగించిన రబ్బరు పట్టీ ఇంకా విప్పలేదని. సూది తీసేముందే విప్పాలి. కొత్తగా చేరినవాళ్ళకి నీరజ మొదట నేర్పేది అదే. చర్మం కింద నల్లగా ఉబ్బుతుంటే దూది పెట్టి వేలితో గట్టిగా అదిమింది. "సారీ. కొంచెం కమిలిపోతుంది."

"ఇట్స్ ఓకే అండీ."

ట్యూబు మీద పేరు, పుట్టినతేదీ, టైము రాసి, సరిగ్గా ఉందో లేదో అపూర్వకే చూపించి, నీరజ వెనకగదిలోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తెరిచి, చలిగాలి ముఖానికి తగిలేలా నిలబడింది.

బాబా, పాపా. పాపే. సీమంతం ఏడో నెలలో చేశారు. ఎనిమిదో నెలలో ఒకరోజు కదలికలు ఆగిపోయాయి. పాప పుట్టింది గానీ ఏడవలేదు. ఫోటో తీసి ఇమ్మంటారా అని నర్సు మెల్లగా అడిగితే, భర్త సాయితేజ తల అడ్డంగా ఊపాడు, నీరజ గోడ వైపు తిరిగింది. సీమంతానికి వచ్చిన నాలుగిళ్ళవాళ్ళకే ఆ సంగతి తెలుసు. మిగతా పెర్త్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఫోటోని నీరజ చూడడం ఇదే మొదటిసారి.

*

సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా ఆ ప్రకటనలో ఉన్న నంబరుకే ఫోన్ చేసింది.

"ఆంటీ, నేను నీరజని. పోయిన ఏడాది మా ఇంట్లో సీమంతానికి మీరే డెకరేషన్ చేశారు."

"ఆఁ ఆఁ, చెప్పమ్మా. బారసాలా? డేట్ చెప్పు, చూస్తాను."

"కాదండీ. మీ యాడ్‌లో నా ఫోటో ఉంది. నన్ను అడగలేదు మీరు. తీసెయ్యండి."

"అడగడమేమిటే పిచ్చిపిల్లా, మనవాళ్ళమే కదా. ఎంతమంది లైక్ కొట్టారో చూశావా? మా పేజీలో ఎక్కువ మంది చూసింది నీదే."

"నాకది ఇష్టం లేదాంటీ."

అవతల స్వరం మారింది. "చూడమ్మాయ్, ఆ అరటాకులు నావి, ఆ ఉయ్యాల నాది, పూలు నావి. మధ్యలో నువ్వు కూర్చున్నావు, అంతే. నీ మొహం చూసి ఎవరూ బుక్ చెయ్యరు, నా పని చూసి చేస్తారు. అయినా ఫోటో ఇచ్చింది బాలమురళి. అడగాలంటే అతన్ని అడుగు." ఫోన్ పెట్టేసింది.

బాలమురళి యూనివర్సిటీలో చదువుకుంటూ వారాంతాల్లో ఫంక్షన్లకి ఫోటోలు తీసే కుర్రాడు. నీరజ ఫోన్ చేసి అడిగితే భయపడ్డాడు.

"అక్కా, అది మా దగ్గర మామూలే. డెకరేషన్ వాళ్ళకి నేను ఆల్బమ్ లింక్ పంపుత, వాళ్ళు నా పేరు ట్యాగ్ చేస్తరు. గట్ల నాకు ఇంకో ఫంక్షన్ దొరుకుతది. సీమంతం అయిన తెల్లారే పంపిన అక్కా. తర్వాత... అట్లయితదని నాకేమెరుక?"

"మరి నా ఫోటోలు నాకు పంపు. అన్నీ."

"మీరే కదక్కా ఫోన్ చేసి, పాప సంగతి చెప్పి, ఆ ఆల్బమ్ నాకొద్దు, పంపకు అన్నరు. ఇంక ఎవరికీ వద్దేమో అనుకున్న. హార్డ్ డిస్క్ నిండిపోయింది. తీసేసిన."

నీరజ వంటింటి గట్టుకి ఆనుకుంది. సీమంతం రోజు ఇత్తడి పళ్ళెం పెట్టింది ఈ గట్టు మీదే. అత్తగారు కోటమ్మ ఒంగోలు నుంచి వీడియో కాల్‌లో ముందే చెప్పింది: పురుడు పోసుకునేదాకా కడుపు ఫోటోలు పదిమంది కంటా పడకూడదు, దిష్టి తగులుతుంది అని. వచ్చిన ఆడవాళ్ళందరి దగ్గరా ఫోన్లు తీసుకుని పళ్ళెంలో పెట్టించింది నీరజే. నవ్వుతూనే పెట్టారు అందరూ. డబ్బిచ్చి పిలిపించుకున్న బాలమురళి ఒక్కడే ఫోటోలు తీశాడు. అలా ఏ ఇంటివాళ్ళ దగ్గరా ఒక్కటైనా లేకుండా, అన్నీ పోయి లీలావతి చేతిలో పడ్డాయి.

సాయితేజది ఉత్తరాన ఇనుప గనుల్లో పని. రెండు వారాలు సైటులో, ఒక వారం ఇంట్లో. క్యాంపులో భోజనం చేస్తూ ఫోన్ ఎత్తాడు.

"వదిలెయ్, నీరూ. లీలావతి గారి తమ్ముడు మా సూపర్‌వైజర్ అని తెలుసుగా. నాలుగు రోజులు పోతే ఆవిడే ఇంకోటి పెడుతుంది."

"నా కడుపు మీద ఫోన్ నంబరు వేసింది, సాయీ."

చెంచా ప్లేటుకి తగిలిన చప్పుడు వినిపించింది. "చూశాను," అన్నాడు అతను. "పోయిన వారమే చూశాను. నీకు కనపడకుండా ఉంటే బావుండుననుకున్నాను."

*

మర్నాడు విరామంలో నీరజ ఆ ప్రకటన వచ్చిన యాప్‌కి ఫిర్యాదు పెట్టింది. మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది: మీరు చూపించిన ప్రకటన మా నియమాలకు విరుద్ధంగా లేదు, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. ఎవరో మనిషి చదివి రాసినట్టు లేదు.

మళ్ళీ వెతికింది. ప్రభుత్వం వారి పేజీలు ఇంగ్లీషులో నిదానంగా, రెండేసి సార్లు చదువుకుంది. ఇంటి ఫంక్షన్‌కి డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల మీద హక్కు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, తీయించుకున్నవాళ్ళదేనని ఉంది. ఆ ముక్క కాపీ చేసి మర్యాదగా, "దయచేసి" అన్న మాట రెండుచోట్ల పెట్టి, లీలావతికి పంపింది.

లీలావతి దానికి జవాబివ్వలేదు. తీసుకెళ్ళి మహిళల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద తన మాట: "ఇదిగోనమ్మా, సొంత మనుషులకి పని చేసిపెడితే లాయర్ నోటీసులు."

నీరజ బస్సులో ఉండగా ఫోన్ ఆగకుండా మోగింది.

"ఫ్రీ పబ్లిసిటీ కదా నీరజ గారూ, ఎంజాయ్ చెయ్యండి."

"హీరోయిన్ గారికి పారితోషికం కావాలేమో."

"మా అమ్మాయి బర్త్‌డే ఫోటో కూడా పెట్టారు ఆంటీ. మేం పొంగిపోయాం."

"ఇంత చిన్నదానికి గొడవ చేస్తే రేపు మనకి పనులు ఎవరు చేస్తారండీ?"

సీమంతంలో నీరజ చేతులకి గాజులు తొడిగిన శ్రీదివ్య కూడా ఆ గ్రూపులో ఉంది. పాప సంగతి ఆమెకి తెలుసు. గ్రూపులో ఏమీ అనలేదు. విడిగా ఒక మెసేజ్ పెట్టింది: "అసలు విషయం చెప్పేస్తే ఈ నోళ్ళన్నీ మూతపడతాయి. నన్ను చెప్పమంటావా?"

"వద్దు" అని కొట్టి, నీరజ ఫోన్ సంచిలో అడుగున పెట్టుకుంది. ఆ నోళ్ళు మూయించడానికి పాపని వాడుకోవడం ఆమెకి ఇష్టం లేదు. ఇప్పటికే ఒకరు వాడుకుంటున్నారు.

*

శనివారం మధ్యాహ్నం ఎండ తారురోడ్డు మీద ఆవిరై లేస్తోంది. లీలావతి సరుకంతా ఇంటి పక్క పెద్ద గ్యారేజీలోనే ఉంటుంది. షట్టరు సగం ఎత్తి ఉంది. నీరజ వంగి లోపలికి వెళ్ళింది.

ఆవిడ కింద చాప మీద కూర్చుని ఇనుప చట్రానికి ప్లాస్టిక్ బంతి దండలు కడుతోంది. పంటితో తీగ తుంపి, మెలిపెట్టి, కొన లోపలికి మడుస్తోంది. ఎవరి చీర కొంగూ దానికి తగులుకోకుండా. పనిమంతురాలే, అందులో వంక పెట్టడానికి లేదు. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద అపూర్వ కూర్చుని ఉంది.

"అరె, అక్కా," అంది అపూర్వ. "ఇప్పుడే మీ ఫోటో చూస్తున్నాం. ఈ దండలు రెండు వరసలా, మూడా అని."

లీలావతి తల ఎత్తలేదు. "వచ్చావా? రా. లాయర్ని కూడా తీసుకొచ్చావా, బయట నిలబెట్టావా?"

"ఫోటో తీసెయ్యమని అడగడానికి వచ్చాను ఆంటీ."

"చూశావా అపూర్వా? నువ్వేమో అదే కావాలంటున్నావు, ఆవిడేమో తీసెయ్యమంటోంది. లా చదువుకుందిలే మరి."

"లా చదవలేదండీ. చదవడం వచ్చు. చదివాను."

లీలావతి చేతిలో తీగ ఆగింది. "పొగరుకేం తక్కువ లేదు. సూదులు గుచ్చే ఉద్యోగానికే ఇంత ఉంటే... ఆ ఫోటోలో ఏముందని అంత బాధ? బట్టలు సరిగ్గా లేవా? ఎవరైనా తప్పుగా రాశారా? లక్ష్మీదేవిలా ఉన్నావు. నీ కడుపు చూసి నలుగురు ఆడపిల్లలు ముచ్చటపడి మాకూ ఇలాగే కావాలంటున్నారు. పుణ్యం కదా. ఒక్క కారణం చెప్పు, తీసేస్తాను."

ఒక్క కారణం. అది నీరజ నాలుక మీదే ఉంది. ఒక్కమాట అంటే చాలు, ఆ చేతులే గబగబా ఫోన్ అందుకుంటాయి. నీరజ అపూర్వ వైపు చూసింది. ఆ అమ్మాయి నడుం వెనక్కి ఆనించి, రెండు చేతులూ కడుపు కింద పెట్టుకుని, ఈ గొడవేమిటో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మోచేతి మడత దగ్గర మంగళవారం నీరజ చేసిన మచ్చ ఇంకా నీలంగానే ఉంది.

నీరజ ఆ మచ్చ మీంచి చూపు తిప్పుకుంది.

"ఉంటే కదా చెప్పడానికి," అంది లీలావతి, మళ్ళీ తీగ అందుకుంటూ. "ఊరికే నలుగురిలో పేరు కోసం."

"ఆంటీ, నేను వెళ్తాను. మీరు మాట్లాడుకోండి," అపూర్వ కష్టంగా లేచింది. "మూడు వరసలు చెయ్యండి. ఆ ఉయ్యాల కుర్చీ మాత్రం ష్యూర్, ఓకేనా?" నీరజ పక్కనుంచి వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేసి, షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయింది.

కారు వెనక్కి తిరిగి వెళ్ళిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా నీరజ నిలబడే ఉంది.

"పాప లేదాంటీ," అంది అప్పుడు. "ఎనిమిదో నెలలో పోయింది."

లీలావతి చేతిలోంచి దండ జారింది. ఆ ముఖంలో జాలి కనపడుతుందేమోనని నీరజ చూసింది. కనపడింది భయం.

"ఎప్పుడు?"

"మీరు ఈ ఫోటో పెట్టకముందే."

"మరి ముందే ఏడవొద్దూ? ఇన్నాళ్ళూ నా పేజీ నెత్తిన పెట్టుకుని... ఈ ఫోటో చూపించి ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళకి... రామ రామ." చీరకి చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. యాడ్ పోయింది. పేజీలో ఫోటో పోయింది. అక్కడితో ఆగక, ఫోన్‌లో దాచుకున్న ఆల్బమ్ తెరిచి మొత్తం ఎంచి చెత్తబుట్ట గుర్తు నొక్కేసింది. తర్వాత లేచి, గోడవార ఉన్న ఉయ్యాల కుర్చీ దగ్గరికి వెళ్ళి, దాన్ని ముట్టుకోకుండానే పైన ఒక పాత దుప్పటి విసిరింది.

"పోయింది, అంతా తీసేశాను. సంతోషమేనా? నీకు పుణ్యముంటుంది, బయట ఎవరితోనూ అనకు. ముఖ్యంగా ఆ అమ్మాయితో. నా వ్యాపారం మునుగుతుంది. గ్రూపులో నేనే సారీ పెడతానులే."

నాలుగు రోజులుగా నీరజ అడుగుతున్నది అదే. ఇప్పుడు అది జరిగిపోయింది. ఆమె దుప్పటి కప్పిన కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఇందాకటి దాకా లక్ష్మీదేవి. ఇప్పుడు ఆ కుర్చీని చేత్తో తాకడానికి కూడా భయం.

"తీసినవి చెత్తబుట్టలో ఉంటాయాంటీ. వెంటనే పోవు. తెరవండి."

"ఎందుకు?"

"నాకు పంపండి. అన్నీ."

"ఎందుకమ్మా ఆ అపశకునపు ఫోటోలు, చూసుకుని ఏడవడానికి కాకపోతే? నా మాట విని..."

"అవి అపశకునం కాదు." నీరజ గొంతు పెంచలేదు. "మా పాప బతికున్నప్పటి ఫోటోలు. ఇంకెక్కడా లేవు. ఇలా ఇవ్వండి, నేను తీసుకుంటాను."

లీలావతి ఫోన్ ఇచ్చేసింది. నీరజ అక్కడే, ఇందాక అపూర్వ కూర్చున్న స్టూలు మీద కూర్చుంది. చెత్తబుట్ట తెరిచి, ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి, తన ఫోన్‌కి పంపుకుంది. తొందరపడలేదు. లీలావతి చాప దగ్గర నిలబడి, కూర్చోలేక, పని చేసుకోలేక చూస్తూ ఉంది. ఒకసారి మంచినీళ్ళు తాగుతావా అని అడిగింది. నీరజ వద్దంది.

ఆ ప్రకటన ఫోటో అసలుది చివర్లో వచ్చింది. ఎర్ర పట్టీ లేదు, నంబరు లేదు. పట్టీ ఉన్నచోట నీరజ కుడిచెయ్యి ఉంది. వేళ్ళు విడదీసి, కడుపుకి పక్కగా, గట్టిగా అదిమి పెట్టుకున్న చెయ్యి. అప్పుడు గుర్తొచ్చింది ఆ నవ్వు ఎందుకో. శ్రీదివ్య గాజు తొడుగుతుంటే ఆ గలగలకి పాప తన్నింది. "తన్నింది, తన్నింది" అని తను అరిచింది. అందరూ ఘొల్లుమన్నారు.

నీరజ ఫోన్ తిరిగి ఇచ్చేసి, వంగి షట్టరు దాటింది. ఎండలో బస్‌స్టాపు దాకా నడిచి, బెంచీ మీద కూర్చుని, ఆ ఒక్క ఫోటో సాయితేజకి పంపింది. అతను చూసినట్టు రెండు నీలం టిక్కులు వచ్చాయి. బస్సు ఎక్కాక ఫోన్ మోగింది. ఎత్తితే అటువైపు లారీల చప్పుడు, మధ్యలో ముక్కు ఎగబీల్చిన శబ్దం. తను దిగాల్సిన స్టాపు వచ్చేదాకా నీరజ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది.

*

తర్వాతి గురువారం అపూర్వ మళ్ళీ వచ్చింది. ఈసారి ఐరన్ పరీక్ష.

"రెండో చెయ్యి ఇవ్వండి," అంది నీరజ. "అది ఇంకా నొప్పిగా ఉంటుంది."

పట్టీ కట్టింది. వేలికొసతో నరం వెతికింది. గుచ్చింది. ట్యూబు నిండుతుండగానే పట్టీ విప్పింది, తర్వాతే సూది తీసింది. దూది పెట్టి, అపూర్వ వేలినే దాని మీద పెట్టించింది.

"ఆంటీ యాడ్ తీసేశారు అక్కా. గ్రూపులో సారీ కూడా చెప్పారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆ ఉయ్యాల కుర్చీ ఏమో విరిగిపోయిందట. వేరేది తీసుకోమంటున్నారు." దూది అదిమి పట్టుకునే తల ఎత్తింది. "నేను ఆ రోజు ఏదైనా అనకూడనిది అడిగానా?"

నీరజ ట్యూబు మీద పేరు రాయడం పూర్తి చేసింది. ఆమెకి చూపించింది. అపూర్వ తల ఊపింది. అప్పుడు నీరజ జేబులోంచి ఫోన్ తీసి, ఫోటో తెరిచి, బల్ల మీద పెట్టింది.

"బాబా, పాపా అని అడిగారు కదా. పాప. మృదుల అని పేరు పెట్టాం."

"ఎక్కడ... ఇందులో మీరే కదక్కా ఉన్నారు."

"నా చెయ్యి ఉన్నచోట. అప్పుడే తన్నింది." నీరజ ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. "ఎనిమిదో నెల దాకానే ఉంది. అందరికీ అలా జరగదు. డాక్టర్లు మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారు. కానీ మీరు అడిగారు, అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు."

అపూర్వ వేలు దూది మీద నుంచి జారింది. నీరజ ఆ వేలిని పట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. అపూర్వ ఫోటోని దూరంగా నెట్టలేదు. దగ్గరికి లాక్కుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి విడదీసి, ఆ చెయ్యి ఉన్నచోటుని పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"అంటే కుర్చీ విరగలేదు," అంది చివరికి.

"లేదు."

"ఆంటీని అడిగి నేనే తెచ్చుకుంటాను. నాకు అదే కావాలి." సంచి భుజాన వేసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "నా సీమంతానికి మీరు రారు కదా అక్కా?"

నీరజ చేతి తొడుగులు విప్పి బుట్టలో వేసింది. వరండాలో తర్వాతి మనిషి అప్పటికే లేచి నిలబడ్డాడు.

"వస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను," అంది. "కానీ వచ్చినవాళ్ళ దగ్గర ఫోన్లు మాత్రం తీసుకోకండి. అందరినీ తీయనివ్వండి."